మా చర్చి కానుక సంచికి

మఖమల్ కానుక సంచి గారికి, ప్రభువు నామంలో వందనాలు.

నేను మూడో వరసలో ఫ్యాన్ కింద కూర్చునే మనిషిని. ముఖం గుర్తు లేకపోయినా నా పిడికిలి మీకు బాగా తెలుసు. ప్రతి ఆదివారం మణికట్టు దాకా లోపలికి దించి, కాసేపు ఉంచి తీస్తాను. పక్కనున్నాయన వంద అనుకుంటాడు. టేపు అంటించిన పది అని మీకూ నాకే తెలుసు.

చిల్లర వేసే బీదవాళ్ళు సిగ్గుపడకూడదని మిమ్మల్ని ఇంత లోతుగా కుట్టారని మా నాయనమ్మ అనేది. ఇప్పుడు ఆ లోతు మేడలున్న మాకే ఎక్కువ అక్కరకొస్తోంది. మార్కు సువార్త 12లో యేసు కానుక పెట్టె ఎదుటే కూర్చుని ఎవరెంత వేస్తున్నారో చూశాడు. రెండు కాసులు వేసిన విధవరాలు ఆయన కంట పడింది. అక్కడ నేనుంటే నేనూ పడేవాణ్ణి.

మా సంఘంలోనూ అలాంటి ఒకామె ఉంది. రోజూ ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తుంది. ఆదివారం అవి చర్చికి తెస్తే, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. బజారు ధర కంటే తక్కువకి పాడుకుని ఇంటికి తెచ్చుకునేది నేను. ఆ డబ్బు కూడా నా కానుకల లెక్కలోనే రాసుకుంటాను.

కారు వెనక అద్దం మీద 'యేసు ఇచ్చిన బహుమానం' అని రాయించాను. వానలో నడిచి వెళ్ళే ఆమెని ఎక్కించుకుందామనే ఉంటుంది. సీటు కవర్లు కొత్తవి.

పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, అంతా ఇచ్చామని అబద్ధమాడి అక్కడే పడి చచ్చిన అననీయ, సప్పీరాల మీద ప్రసంగం ఉన్న వారం నేను రాను. జలుబు చేస్తుంది.

లూకా 12లోని ధనవంతుడు మాత్రం మొన్న ప్రసంగంలో నేను తప్పించుకోలేనట్టు ఎదురయ్యాడు. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, అన్నీ నావే అంటాడు. అంత పంట పండితే చెప్పుకోవడానికి అతనికి ఒక్క మనిషీ లేడు. చివరికి 'ప్రాణమా' అని తన ప్రాణంతోనే కబుర్లాడాడు. ఆ రాత్రే దాన్నీ అడిగేశారు. కాస్త టెన్షన్ వచ్చింది. ఈ మధ్య కారులో నేనూ నాతోనే మాట్లాడుకుంటున్నాను మరి.

అసలు సంగతికొస్తాను. మీ బదులు క్యూఆర్ కోడ్ పెడతామని కుర్రాళ్ళు అంటున్నారు. పక్కనే కిరాణా కొట్లో ఉండే మాట్లాడే డబ్బా కూడానట. 'పది రూపాయలు అందాయి' అని గుడంతా వినబడేలా అరుస్తుంది! కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6 తీసి చూపించి గట్టిగా అడ్డుపడ్డాను. ముందు వరసల వాళ్ళు ఇంకా గట్టిగా ఆమెన్ అన్నారు. మీ పదవికి ఢోకా లేదు.

ఆదివారం కలుద్దాం. టేపు అయిపోయింది, కొనాలి.

ఇట్లు,
మూడో వరస సహోదరుడు