ఆ చందమామ మెసేజ్ మళ్ళీ వచ్చింది

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట మా బావగారు పంపారు, తర్వాత కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో. నిన్న పొద్దున గుడ్‌మార్నింగ్ గులాబీతో సహా మా పెద్దమ్మ. 'చందమామ చదివిన తరం, చెడని తరం' అని పైన శీర్షిక, కింద ఆరు పాయింట్లు, అడుగున 'తెలుగువాడివైతే పదిమందికి పంపు'. నేను తెలుగువాణ్ణే. పంపను. వరసగా జవాబు రాసి పెట్టుకుంటున్నాను, ఇకమీదట ఎవరు పంపినా ఇదే తిరుగు టపా.

ఒకటి. యునెస్కో చందమామను ప్రపంచంలోకెల్లా ఉత్తమ బాలల పత్రికగా ప్రకటించిందట. మన జాతీయగీతానికి బిరుదిచ్చిన వాట్సాప్ యునెస్కోనే కదా? తర్వాతది చూద్దాం.

రెండు. చందమామ చదివినవాళ్ళలో మోసగాళ్ళే లేరట. మా ఊళ్ళో చిట్టీల డబ్బుతో రాత్రికి రాత్రి ఉడాయించినాయన ఇంట్లో బైండు చేసిన చందమామలు బీరువా నిండా ఉండేవి. నేను సగం అక్కడే చదివాను.

మూడు. బేతాళ కథలన్నీ వేల ఏళ్ళ నాటి మన రుషుల విజ్ఞానమట. పాత బేతాళ కథలు 25. 11వ శతాబ్దంలో కాశ్మీరు సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్నాయి. నెలకొకటి వేస్తే రెండేళ్ళ మీద ఒక నెలకు అయిపోవాలి. మరి ఆ శవం దశాబ్దాల తరబడి చెట్టు దిగుతూ ఎక్కుతూ ఎలా ఉంది? కొత్తవి రాశారు కనక. రాసినవాళ్ళు మన కాలపు మనుషులు, కలం పట్టుకుని బుర్ర చించుకున్నవాళ్ళు. వాళ్ళ కష్టాన్ని తీసుకెళ్ళి రుషుల ఖాతాలో జమ చేయడం దేనికో!

నాలుగు. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. చందమామను దైవభక్తులు నడిపారట, అందులో అచ్చంగా మన కథలే వేశారట, అందుకే ఆ పిల్లలు మనవాళ్ళుగా పెరిగారట. ఇప్పటి పిల్లలు విదేశీ కథలు చదివి పరాయివాళ్ళయిపోతున్నారట. కాబట్టి అలాంటి పుస్తకాలు ఇంట్లోంచి తీసేయాలట.

తీసేద్దాం. చందమామతోనే మొదలుపెడదాం. 'రూపధరుని యాత్రలు' తీసేయండి, అది గ్రీకుల ఒడిస్సీ. 'భువనసుందరి' తీసేయండి, అది ఇలియడ్. అల్లావుద్దీన్ దీపం కూడా బయట పారేయండి. దైవభక్తులంటారా, 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయన వ్యాసాలు నాలుగు చదివి, భక్తుడో హేతువాదో మీరే చెప్పండి. రామాయణ భారతాలను పిల్లలకు తేట వచనంలో చెప్పిందీ ఆ మనిషే! మాంత్రికుల సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా దేవుడి జోలికి పోని బాపతే. కత్తి దూసి, భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి మన కళ్ళకు కట్టిన చిత్రకారుడు శంకర్ తమిళుడు. అసలు పత్రిక పుట్టిందే మద్రాసులో, 1947 జులైలో, తెలుగుతోపాటు తమిళంలోనూ.

మా అమ్మ పెళ్ళికి ముందు ఆ రూపధరుడి సీరియల్ పేజీలు నెలనెలా చింపి దాచి, దబ్బనంతో పురికొస వేసి కుట్టుకుంది. అట్ట పాత క్యాలెండరుది. నా తొమ్మిదో ఏట అది నా చేతికొచ్చింది. ఒంటికన్ను రాక్షసుడి గుహలోంచి గొర్రెల పొట్టల కింద వేలాడుతూ బయటపడే ఘట్టం చదివి, ఆ గుహ కోటప్పకొండ వెనకాల ఎక్కడో ఉందని ఖాయం చేసుకున్నాను. గొర్రెలు మావే, కొండ మాదే, రాక్షసుడూ మావాడే. గ్రీసు అనే దేశం ఉందని తర్వాత ఎప్పుడో తెలిసింది. పరాయివాణ్ణి ఎక్కడయ్యాను?

నిజంగా పరాయితనం అనిపించినవాళ్ళు వేరే ఉన్నారు. కరీంనగర్ మిత్రుడొకాయన చందమామ గురించి ఓసారి అన్నాడు: "గా పుస్తకంల మా నాయనమ్మ మాట ఒక్కటి గూడ లేకుండె." ఇంట్లో విన్న మాట అచ్చులో ఎక్కడా కనబడకపోతే, తన మాటే తప్పనుకుంటాడు పిల్లాడు. ఆయన అలాగే అనుకున్నాడట, చాలా ఏళ్ళు. 'మన' అని రాసేటప్పుడు అందులో ఎవరున్నారో మెసేజ్ రాసినాయన లెక్క చూసుకున్నట్టు లేదు.

అయిదు. తల్లులు ఉద్యోగాలకు పోవడం వల్ల పిల్లలకు కథలు చెప్పేవాళ్ళు లేరట. తండ్రులు ఏం చేస్తున్నారో రాయలేదు. బహుశా ఫార్వర్డ్ చేస్తున్నారు.

ఆరు. చందమామను కుట్ర చేసి మూయించారట. 2007లో ఒక ముంబై సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుక్కుంది, కొన్నాళ్ళకు కంపెనీయే మునిగింది, పత్రిక ఆగింది. కుట్రదారులు కావాలంటే నా పేరు రాసుకోండి. ఉద్యోగంలో చేరాక నేను ఒక్క సంచిక కొనలేదు, చందా కట్టలేదు. మీరు కట్టారా బావగారూ?

ఇక మిగిలింది అడుగున ఉన్న ఒక్క వాక్యం, నంబరు కూడా లేనిది: 'మీ పిల్లలకు తెలుగు చదవడం వచ్చా?'

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సినిమా పోస్టరు చదువుతుంది, ఒత్తు మీద ఒత్తు వస్తే నా మొహం చూస్తుంది. తప్పు విదేశీ పుస్తకాలది కాదు, నాది. పదిహేను రోజులుగా రాత్రి భోజనాలయ్యాక అమ్మ కుట్టిన ఆ పుస్తకం నేను పైకి చదువుతుంటే అది వింటోంది. నిన్న "ఇక్కడ్నుంచి నేను చదువుతా" అని లాక్కుంది. పేజీకి పావుగంట పట్టింది.

చిక్కేమిటంటే, చివరి రెండు భాగాలూ చెదలు తినేశాయి. రూపధరుడు ఇల్లు చేరతాడని నేను చెప్పేయగలను, కానీ దానికి ఆ వాక్యాల్లోనే కావాలట. ఈ మెసేజ్ పంపినవాళ్ళలో ఎవరింట్లోనైనా ఆ పాత సంచికలు ఉంటే, పేజీలు ఫొటో తీసి పంపండి. అది మాత్రం పదిమందికీ ఫార్వర్డ్ చేస్తాను.