ఫీజు తీసుకుని మందు రాయని వైద్యుడు

కోపం కాలేయానికి, దుఃఖం ఊపిరితిత్తులకు, భయం మూత్రపిండాలకు చేటన్న సంప్రదాయ చైనా వైద్యం లెక్కను, దాని మీద వచ్చిన వ్యాసంలో బాగానే చెప్పారు. కానీ ఒక భావాన్ని ఇంకో భావంతో విరిచే పద్ధతిని వదిలేశారు, అసలు మజా అందులోనే ఉంది.

జాంగ్ త్సోంగ్‌జెంగ్ (1156–1228) అనే వైద్యుడి దగ్గరికి అతి ఆలోచనతో రెండేళ్లుగా నిద్రలేని ఓ ధనవంతురాలి కేసు వచ్చింది. ఆయన ఆమె భర్తతో ముందే మాట్లాడుకుని, బోలెడు డబ్బు గుంజి, కొన్నాళ్లు తాగి కూర్చుని, ఒక్క మందూ రాయకుండా వెళ్లిపోయాడు. (ఫీజు వరకైతే ఇప్పటికీ పాటిస్తున్నారు లెండి!) ఆవిడకు కోపంతో ఒళ్లు మండి చెమటలు పట్టాయి, ఆ రాత్రే నిద్రపోయింది. అతి ఆలోచన ప్లీహానికి (స్ప్లీన్) చెందిన భావమట, దాన్ని కాలేయానికి చెందిన కోపం అణచివేస్తుందట.

అన్నట్టు, కోపిష్టులు లివర్ టెస్టుకు పరుగెత్తనక్కర్లేదు. ఆ వైద్యంలో కాలేయమంటే స్కానింగ్‌లో కనిపించే అవయవం ఒక్కటే కాదు, ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి సాఫీగా సాగేలా చూసే వ్యవస్థ.