అరువు చెవులు

మనిషికి రెండే చెవులు ఎందుకున్నాయని ఇంతవరకు ఎవరూ గట్టిగా నిలదీయలేదు. ఫోను వెనక మూడు కెమెరాలు లేకపోతే చిన్నతనంగా భావించే మనం చెవుల దగ్గర మాత్రం తాతముత్తాతల నాటి లెక్కతోనే సర్దుకుపోతున్నాం. నాలుగు తలల బ్రహ్మదేవుడు తనకు ఎనిమిది చెవులు ఉంచుకుని మనకు రెండిచ్చి పంపాడు. అవతల శబ్దమేమో 7.1కి చేరింది. అంటే మనిషి చుట్టూ ఏడు స్పీకర్లు, గుండె అదరగొట్టడానికి ఒక సబ్‌ఊఫర్, వెరసి ఎనిమిది ఛానళ్ళు. లెక్క చూస్తే ఈ ఏర్పాటంతా ఆయన కోసమే జరిగిందేమోనని అనుమానం. ఎనిమిది దారుల్లో వచ్చే శబ్దాన్ని రెండు చిల్లుల్లోంచి లోపలికి తోసుకోవలసిన దుస్థితి మాత్రం మనది. ఈ లోటును కంప్యూటర్‌తో పూడ్చి, హెడ్‌ఫోన్‌లోనే చుట్టూ స్పీకర్లున్నట్టు వినిపించడమే వర్చువల్ సరౌండ్ ఆశయం. ఆ ఆశయసాధనకు గత మూడు నెలల సాయంత్రాలను అంకితం చేసినవాడిగా నాలుగు మాటలు మీ చెవిన వేస్తున్నాను. మీరు ఇంకా సొంత చెవులతోనే వింటున్నట్లయితే ముందుగా నా సానుభూతి.

మామూలు హెడ్‌ఫోన్‌లో జరిగే అన్యాయం చూడండి. సినిమాలో కథానాయకుడు సముద్రపు ఒడ్డున నిలబడి ప్రతిజ్ఞ చేస్తాడు. ఆ ప్రతిజ్ఞ నా రెండు కనుబొమల మధ్య జరుగుతుంది. అలలు కుడి చెవి లోపల విరుగుతాయి. కంప్యూటర్ ఆటలో శత్రువు వెనకనుంచి వస్తున్నా సరే, నా ఎడమ గూబలోనే నడుస్తాడు. ఇంతమంది పుర్రెలో కాపురం పెడితే ఆలోచనలకు చోటెక్కడిది? వీళ్ళందరినీ ఖాళీ చేయించి బయట గదిలో ఎవరి మూలన వాళ్ళను కూర్చోబెట్టాలి.

ప్రకృతి ఈ పనిని ఎలా చేస్తుందో తెలిస్తే దానిమీద ఉన్న కాస్త గౌరవమూ పోతుంది. కుడివైపు చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం మహా అయితే 0.7 మిల్లీసెకన్లు. తల అడ్డు పడుతుంది గనుక కీచు శబ్దాలు దూరపు చెవికి నీరసంగా అందుతాయి. మంద్రమైన శబ్దాలకు ఆలస్యమూ, కీచు శబ్దాలకు నీరసమూ ఆనవాళ్ళని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే చెప్పాడు. నేను బిల్లులు కట్టడంలో చేసే ఆలస్యాలు వారాల్లో ఉంటాయి, వాటిని నా మెదడు ఏనాడూ పట్టించుకోలేదు. సెకనులో వెయ్యోవంతు కూడా లేని ఆలస్యాన్ని పట్టుకుని మాత్రం దిక్కులు చెబుతుందట.

మరి సరిగ్గా ముందున్న చప్పుడుకూ సరిగ్గా వెనకున్న చప్పుడుకూ తేడా ఎలా తెలియాలి? రెండూ రెండు చెవులకూ ఒకేసారి, ఒకే బలంతో చేరతాయి కదా. ఇక్కడే చెవి డొప్ప రంగంలోకి దిగుతుంది. కళ్ళజోడు తగిలించుకోవడానికీ, పెన్సిలు దోపుకోవడానికీ, కోపం వచ్చినవాళ్ళు పట్టి మెలిపెట్టడానికీ ఉన్నాయనుకున్న ఆ మడతలు ఒక్కో దిక్కునుంచి వచ్చే శబ్దాన్ని ఒక్కో చోట కత్తిరిస్తాయి. కోత ఎక్కడ పడిందో చూసి ఇది ముందు, ఇది వెనక, ఇది నెత్తిమీద అని మెదడు పోల్చుకుంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే తల కాస్త తిప్పి చూసుకుంటుంది. ఒకరి మడతలు మరొకరికి ఉండవు కాబట్టి ఎవరి కోతలు వాళ్ళవే. పుట్టిన దగ్గరనుంచి సొంత కోతలను చదువుకుంటూ పెరిగామన్నమాట. ఒక్క ప్రమాణం లేదు, ఒక్క వెర్షన్ నంబరు లేదు!

హెడ్‌ఫోన్ నేరుగా చెవిమీద కూర్చుంటుంది గనుక ఈ తతంగమంతా ఎగిరిపోతుంది. దాన్ని కంప్యూటర్ తిరిగి కల్పించాలి. ఒక్కో స్పీకర్ ఒక్కో చెవికి ఎలా వినిపిస్తుందో ముందే కొలిచిపెట్టుకుంటారు. ఏడు రెళ్ళు పద్నాలుగు కొలతలు. సబ్‌ఊఫర్‌కు దిక్కూ మొక్కూ లేదు, ఎటునుంచి వచ్చినా దడే కాబట్టి దాన్ని ఇందులో లెక్కపెట్టరు. ఆటలోంచి వచ్చే ప్రతి చప్పుడునూ కంప్యూటర్ ఆ పద్నాలుగు కొలతల్లోంచి వడగట్టి రెండు చెవులకూ పంచుతుంది. అంతా సవ్యంగానే ఉంది. ఇంతకీ కొలిచింది ఎవరి చెవులతో? మీవి కావు, నావీ కావు. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు నగల గురించి అన్నారు గానీ, వాళ్ళ కాలంలో చెవిపోగులను మాత్రమే అరువిచ్చేవారు, చెవులను కాదు.

చెవులు అరువిచ్చిన మహాదాతల్లో కెమార్‌ను ప్రత్యేకంగా తలచుకోవాలి. అది తలా మొండెమూ మాత్రమే ఉన్న బొమ్మ. వినికిడి యంత్రాలను పరీక్షించడానికి 1972లో తయారైంది. 1994లో అమెరికాలోని ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన బిల్ గార్డనర్, కీత్ మార్టిన్ దాన్ని ప్రతిధ్వని లేని గదిలో నిలబెట్టి, చుట్టూ 710 స్థానాలనుంచి స్పీకర్ మోగించి, చెవుల్లో అమర్చిన మైకులతో రికార్డు చేశారు. ఆ కొలతలను అందరికీ ఉచితంగా పంచిపెట్టారు కూడా. ఒకే శ్రమతో రెండు రకాల చెవులను కొలవవచ్చని ఎడమవైపు మామూలు చెవి, కుడివైపు పెద్ద సైజు చెవి తగిలించారు. ఒక చెవి చిన్నదీ ఒక చెవి పెద్దదీ అయిన ఈ పెద్దమనిషి, 710 చోట్లనుంచి చప్పుడు చేసినా ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. అంతటి స్థితప్రజ్ఞుడి చెవులు ధరించే అర్హత మనకుందా? చీమ చిటుక్కుమంటే తల తిప్పేవాళ్ళం. పైగా హెడ్‌ఫోన్ పెట్టుకుని తల తిప్పితే ఏడు స్పీకర్లూ తలతోపాటే గిర్రున తిరుగుతాయి. తల కదలికను పసిగట్టి స్పీకర్లను ఉన్నచోటే నిలబెట్టే హెడ్‌ఫోన్లు వచ్చాయి. నాది ఆ జాతి కాదు. అందుకని నేను మెడ బిగించి వింటాను.

ఇక ఏర్పాటు సంగతి. విండోస్‌లో 2017 నుంచి విండోస్ సోనిక్ అనే వర్చువల్ సరౌండ్ ఉచితంగానే ఉంది. సౌండ్ సెట్టింగుల్లో ఒక్క నొక్కు నొక్కితే చాలు. డాల్బీ, డీటీఎస్ వారివి డబ్బు కట్టి తెచ్చుకోవాలి. ఒక్క నొక్కుతో అయిపోయే పనికి మర్యాద ఉండదు కాబట్టి నావంటి నిష్ఠాపరులు శబ్దాన్ని దారిలో సవరించే ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రాము వేసుకుని, దానిమీద అరువు చెవులు తగిలించే హెసువి వేసుకుంటారు. లినక్స్‌వాళ్ళు తమ శబ్ద వ్యవహారాలు చూసే పైప్‌వైర్‌కు కాన్ఫిగరేషన్ ఫైలును చేత్తో రాసుకుంటారు. వాళ్ళకు ఆ ఫైలు రాయడమే సంగీతం, తర్వాత ఏమీ వినకపోయినా ఫరవాలేదు.

హెడ్‌ఫోన్‌కు రెండే ఛానళ్ళని కంప్యూటర్‌కు తెలుసు. అది తెలిసినంతకాలం ఆట రెండే ఇస్తుంది. అందువల్ల ఈ గదిలో ఎనిమిది స్పీకర్లు ఉన్నాయని ముందుగా కంప్యూటర్‌కు ఒక అబద్ధం చెప్పాలి. లేని సౌండ్ కార్డును ఉన్నట్టు చూపే ప్రోగ్రాములు ఇందుకోసమే పుట్టాయి. కంప్యూటర్ ఆ అబద్ధాన్ని ఆటకు చేరవేస్తుంది. ఆట నమ్మి ఎనిమిది ఛానళ్ళు పంపుతుంది. వాటిని దారిలో పట్టుకుని రెండుగా కుదించి, ఎనిమిది ఉన్నాయని చివరి అబద్ధం నా చెవులకు చెబుతారు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు. ఇక్కడ మూడింటితోనే పని అయిపోతుంది.

అయిపోవాలి. నాకు మాత్రం మొదటి నెలంతా శబ్దం పాడుబడ్డ బావిలోంచి వచ్చినట్టే ఉంది. శత్రువు అడుగుల చప్పుడు వింటే చంపడానికి వస్తున్నాడో, చేద తాడు అడగడానికి వస్తున్నాడో తెలిసేది కాదు. ఒకరోజు ఓపిక చేసుకుని సెట్టింగులన్నీ ఒక కాగితంమీద రాసుకున్నాను. ఆటలో శబ్దం రకం దగ్గర ‘హెడ్‌ఫోన్’ అని ఉంది, అంటే ఆటే తన పెట్టెలోంచి ఒక జత చెవులు తీసి తగిలించింది. కంప్యూటర్‌తోపాటు వచ్చిన సౌండ్ డ్రైవర్ అడగకుండానే ఇంకో జత తగిలించింది. ఆ రెండింటిమీద నేను ఏరికోరి ఎంచుకున్న మూడో జత. వాటికి నావి కలుపుకుంటే నెల రోజులు నేను విన్నది ఎనిమిది చెవులతో. బ్రహ్మకు సమానం! ఆ స్థాయి అందుకున్నాక దిగిరావడం మనసుకు కష్టమే అయినా, ఆటలో ‘7.1 స్పీకర్లు’ అని మార్చి, డ్రైవర్‌లో సరౌండ్ తీసేసి, మానవ జన్మకు తిరిగొచ్చాను. ఆరు చెవులు ఎక్కువైతే కలిగే ఇబ్బంది ఆయన తర్వాత నాకే తెలుసు.

ఆ తర్వాత తల సమస్య. సెకనుకు 48,000 నమూనాలతో, అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలిచి, తయారుచేసిన చెవుల ఫైలును మార్పులేమీ చేయకుండా 44,100 లెక్కన వాడితే అందులోని ప్రతి ఆలస్యమూ దాదాపు తొమ్మిది శాతం సాగుతుంది. తల అంత మేరకు పెద్దదైనట్టన్నమాట. సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు తల పొగరెక్కిందని ఇంట్లో అన్నారు. వాళ్ళకు నమూనా రేటు గురించి చెప్పి లాభం లేదని ఊరుకున్నాను.

ఎంచుకోవడానికి ఫైళ్ళు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఒకటి వేస్తే యుద్ధమంతా స్నానాలగదిలో జరుగుతుంది. ఇంకొకటి వేస్తే ఖాళీ గోదాములో. మరొకదానిలో వెనక స్పీకర్లు మహాద్భుతం, ముందు స్పీకర్లు మాత్రం నా నుదుటిని పట్టుకుని బయటికి రామంటాయి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నది ఈ ఫైలును విన్నవాళ్ళెవరో చెప్పి ఉండాలి. దీన్నే నేను ఒక సుగుణంగా చెప్పుకుంటున్నాను. ముందున్నవాటిని చూడటానికి కళ్ళున్నాయి కదా, చెవులు ఆ పని కూడా చేస్తే కళ్ళు బద్ధకిస్తాయి.

ఒక మధ్యాహ్నం దుర్బుద్ధి పుట్టి పాట పెట్టాను. పాటలో ఉన్నవి రెండే ఛానళ్ళు. ఏడుగురు పెద్దమనుషుల్లో అయిదుగురు నోరు మూసుకుని కూర్చోగా, మిగిలిన ఇద్దరూ గదికి ఆ చివర నిలబడి పాడారు. ఇన్నేళ్ళుగా చెవిలో గుసగుసగా పాడిన గాయని ఇప్పుడు పక్క గదిలో ఎవరికోసమో పాడుతోంది. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ అదేర్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఒపెరా హాలునుంచి తీగలు లాగి, వినేవారి రెండు చెవులకు రెండు ఫోన్లు పెట్టించాడు. గాయకులు వేదికమీద ఎటునుంచి ఎటు నడుస్తున్నారో వినేవారికి తెలిసిపోయిందట. రెండు తీగలు, రెండు చెవులు, సెట్టింగులు సున్న. వాళ్ళకు సాయంత్రాలు ఎలా గడిచేవో పాపం.

పని నాణ్యతను మూడో మనిషి చేత పరీక్షింపజేయాలి గనుక పన్నెండేళ్ళ మా మేనల్లుణ్ణి పిలిచాను. కంప్యూటర్‌లో స్పీకర్ల బొమ్మ తెరిచి, ఏ స్పీకర్‌మీద నొక్కితే ఆ దిక్కునుంచి గంట మోగేలా పెట్టాను. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని, గంట వినబడిన వైపు వేలు చూపించాలి. ఇరవై సార్లు చూపించాను. ఒక్కసారి కూడా తడుముకోలేదు. కళ్ళు తెరిచేసరికి వాడు పెదవులు బిగబట్టుకుని ఉన్నాడు.

“ఎలా ఉంది?”

“కుడీ ఎడమా బాగానే చెప్పావు మామయ్యా. నేను ముందుది నొక్కిన ప్రతిసారీ నువ్వు వెనకున్న బీరువాను చూపించావు.”

“బీరువాలోంచే వచ్చింది మరి.”

వాడు హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టి మళ్ళీ కళ్ళు మూసుకోమన్నాడు. చెప్పులు విడిచి గది అంతా తిరుగుతూ చిటికెలు వేశాడు. ముందు, వెనక, బల్ల కింద, కుర్చీ ఎక్కి నా నెత్తిమీద. పదికి పది చెప్పాను. నా నోటుపుస్తకంలో ఆ రోజు తేదీ వేసి ఇలా రాసుకున్నాను: సొంత చెవులు 7.1 ప్రమాణానికి సహకరించడం లేదు.

సహకరించేలా చేయవచ్చు. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరి చెవి మడతల్లో అచ్చులు బిగించి డొప్పల ఆకారమే మార్చేశారు. చప్పుడు పైనుంచి వస్తోందో కిందనుంచి వస్తోందో వాళ్ళకు మొదట్లో తెలియలేదు. కొన్ని వారాలపాటు వాటితోనే తిరిగేసరికి తెలియడం మొదలైంది. అచ్చులు తీసేస్తే పాత చెవులతో యథాప్రకారం విన్నారు. ఈ సంగతి చదివి నేను నిర్ఘాంతపోయాను. మెదడుకు కావలసింది మంచి ఫైలు కాదు, మారకుండా ఉండే ఫైలు. మూడు నెలల్లో నేను చేయని పని అదొక్కటే. వెంటనే ఆరు వారాల దీక్ష పట్టాను. ఒకే ఫైలు, ఒకే సెట్టింగు, మెనూవైపు కన్నెత్తి చూడకూడదు. నాలుగో రోజున చూశాను. అది దీక్షాభంగం కిందికి రాదు, పాతదానితో పోల్చి చూడటం మాత్రమే. పోల్చాక పాతది ఏదో మరిచిపోయాను.

నిన్న ఆదివారం. నేనూ మేనల్లుడూ చెరో కంప్యూటర్‌లో ఒకే ఆటలో ఎదురెదురు జట్లలో దిగాం. నా వైపు పద్నాలుగు కొలతలు, ఎనిమిది ఛానళ్ళు, బిగించిన మెడ. వాడు ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని, రెండోది మెడలోకి వేలాడదీశాడు. పాత మేడ ఒకటి, సన్నని వసారా. వాడి అడుగులు నాకు కుడిపక్క వెనకనుంచి, ఎంతో స్పష్టంగా, రెండు గజాల దూరంలో వినబడ్డాయి. మూడు నెలల శ్రమ ఫలించిన ఆ క్షణంలో నేను నెమ్మదిగా వెనక్కి తిరిగి తుపాకీ ఎత్తాను. ఖాళీ గోడ. ముందునుంచి ఒక్కటే దెబ్బ.

“నేను ఆ మలుపులో ఉన్నానని నీకు ఎలా వినబడిందిరా, ఒక్క చెవితో?”

“వినబడలేదు మామయ్యా. గోడమీద నీ నీడ పడింది.”