చెన్నై గాలికి తట్టుకున్నదే ఉత్ప్రేరకం

చెవి మిషన్‌లో వేసే బిళ్ల సెల్లుకు వెనక చిన్న స్టిక్కరు ఉంటుంది. దాన్ని పీకి ఒక నిమిషం ఆగాక వాడమంటారు. ఆ నిమిషంలో సన్నటి రంధ్రాల గుండా లోపలికి గాలి చేరుతుంది. జింక్-ఎయిర్ బ్యాటరీ అంటే అదే. అందులో గాలిలోని ఆక్సిజన్‌ను పనిలో పెట్టేది సాధారణంగా మాంగనీస్ ఆక్సైడే, ప్లాటినం కాదు. అంటే చవక ఉత్ప్రేరకం (చర్యను వేగంగా జరిపించే పదార్థం) ఏనాడో దుకాణానికొచ్చింది. ఆటోను నడిపేంత కరెంటు తీసి, మళ్లీ చార్జి చేయాలన్నప్పుడే చిక్కంతా.

అందుకు తగిన ఉత్ప్రేరకంగా ఇప్పుడు అందరి దృష్టీ ఇనుము-నైట్రోజన్-కార్బన్ పొడి మీద ఉంది. ఇనుప లవణం, నత్రజని ఉన్న పదార్థం, కార్బన్ కలిపి నూరి, ఆర్గాన్‌లో 900 డిగ్రీల దగ్గర కాలుస్తారు. మిగిలిన ఇనుప రేణువులను ఆమ్లంతో కడిగేసి, పొడిని మళ్లీ కాలుస్తారు. ఇనుము చవకే. ఖర్చంతా ఆర్గాన్, రెండుసార్లు వెలిగించే కొలిమి, ద్రావకాలు, పొడిని పూసే కార్బన్ పేపర్‌లో ఉంది. దాంతో పోలిస్తే మాంగనీస్‌కు కొలిమి అక్కర్లేదు. పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో కార్బన్ బ్లాక్ వేసి 80 డిగ్రీల దగ్గర కలియబెడితే కార్బన్ మీదే ఆక్సైడ్ పేరుకుంటుంది. చురుకు కాస్త తక్కువ. అయినా ముందు దీన్ని దాటాకే మిగతావాటి గురించి మాట్లాడాలని మా అభిప్రాయం.

‘ప్లాటినాన్ని మించింది’ అనే ప్రకటనలను నమ్మేముందు కొలిచిన తీరు అడగాలి. నిమిషానికి 1600 చుట్లు తిరిగే బిళ్ల మీద, 0.1 మోలార్, అంటే బాగా పలుచని క్షారంలో తీసిన అంకె అది. అసలు సెల్లులో ఉండేది అరవై రెట్లు గాఢమైన 6 మోలార్ కాస్టిక్ పొటాష్. అందులో ఆక్సిజన్ కరగడమే కష్టం. ఎదుటి ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ వాడితే అది కొద్దికొద్దిగా కరిగి మన పొడి మీదకే చేరుతుంది, ఘనత ఇనుముకు పోతుంది! గ్రాఫైట్ కడ్డీ వాడితే ఆ బాధ ఉండదు.

ఇంకో మాయ చార్జింగ్ లెక్కలది. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీ ఆంపియర్ల చొప్పున 10 నిమిషాలు వాడి, 10 నిమిషాలు చార్జి చేసి, వందల గంటలు నడిచిందంటారు. ఒక్కో విడతకు ఖర్చయ్యేది 1.67 మిల్లీ ఆంపియర్ గంటలు. పావు మిల్లీమీటరు మందం జింకు రేకులో దాదాపు 146 ఉంటాయి. అంటే నూటికి ఒకటి చిల్లర. కుండలో చెంచాడు తీసి చెంచాడు పోయడమే. సగం జింకైనా కరిగించి చూపితే గదా రేకు ఆకారం చెడటం, ముళ్లు మొలవడం బయటపడేది.

అన్నిటికీ మించి మన గాలి. సుమారు 30 శాతం పొటాష్ ద్రావణం 60 శాతం తేమ దగ్గర నిలకడగా ఉంటుంది. అంతకు మించితే నీరు పీల్చుకుని ఎలక్ట్రోడ్ రంధ్రాలు మునుగుతాయి, తగ్గితే సెల్లు ఎండిపోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి, రంధ్రాల్లో పొటాషియం కార్బనేట్ ఉప్పుగా గడ్డకడుతుంది. శుద్ధమైన ఆక్సిజన్ సిలిండరుతో పరీక్షించినవారికి ఈ రెండూ కనబడవు.

విద్యుత్ వాహనాల కోసం జింక్-ఎయిర్ మీద ఐఐటీ మద్రాసు పరిశోధకులు పనిచేశారు. తరమణిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ (సెక్రి) విభాగం ఉంది. ఈ ఊళ్లోనే ఒక ఉమ్మడి పరీక్ష పెట్టాలి: బయటి గాలి, 6 మోలార్ పొటాష్, సగం జింకు వాడకం, చదరపు సెంటీమీటరుకు వాడిన పొడి బరువు, కిలో పొడికి అయిన ఖర్చు. నిధులిచ్చే కేంద్ర శాఖలు ఈ అంకెలు లేని నివేదికను వెనక్కి పంపాలి. చార్జింగ్‌కు వేరే నికెల్ జాలీ పెట్టిన సెల్లును కూడా అనుమతించాలి. అప్పుడు 2 వోల్టుల దగ్గర కాలిపోయే కార్బన్ మీద ఆ భారం పడదు, ఉత్ప్రేరకం కరెంటు తీసేటప్పటి ఒక్క పనే చేస్తే చాలు. కార్తీక మాసపు తడి ఉదయాల్లో మొదలుపెట్టి, రోహిణీ కార్తె ఎండల దాకా అదే సెల్లును నడపాలి.