ఇఫ్తార్ తర్వాత మొదటి సిగరెట్

రంజాన్ నెలలో ఏ సాయంత్రమైనా పాతబస్తీలో ఒక పాన్ డబ్బా ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. ఖర్జూరంతో రోజా విడిచి, నమాజు చదివి వచ్చిన మనిషి ముందుగా అడిగేది హలీమ్ కాదు, ఒక సిగరెట్. డబ్బా పక్కన దారానికి వేలాడే లైటర్ అతను అందుకునేలోపే ఇంకో చెయ్యి దానికోసం చాచి ఉంటుంది. మొదటి దమ్ముకే కళ్లు తిరిగి గోడకు ఆనుకునేవాళ్లూ కనిపిస్తారు. తెల్లవారకముందు తినే సెహ్రీ నుంచి దాదాపు 13 గంటలు మంచినీళ్లయినా ముట్టకుండా ఉన్న ఇలాంటి మనిషికి మనోబలం లేదని, అందుకే సిగరెట్ మానలేకపోతున్నాడని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

అయ్యప్ప మాల వేసుకునేవాళ్ల సంగతీ చూద్దాం. మాల మెడలో పడిన రోజే పెట్టె అవతల పారేసి, 41 రోజులు చుట్టగానీ సిగరెట్‌గానీ తాకనివాళ్లు ప్రతి బస్తీలో ఉన్నారు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర మళ్లీ అంటించేదీ వాళ్లే.

పైకి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ కాదు. నికోటిన్ ఆగిపోతే శరీరం ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మొదటి మూడు రోజులు. తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం అప్పుడే ఎక్కువ. మూడు నాలుగు వారాల్లో అవన్నీ సద్దుమణుగుతాయి. అంటే మాల తీసే నాటికి స్వామి శరీరం ఆ అలవాటు నుంచి చాలావరకు బయటపడినట్టే. అతన్ని మళ్లీ లాగేది పాత దోస్తులు, పాత హోటల్, చాయ్‌తో పాటు చేతికొచ్చే సిగరెట్. రోజా ఉండే మనిషి కష్టం వేరు. రాత్రి తాగుతాడు కాబట్టి పొద్దున్నే శరీరం మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అతనికి నెలంతా మొదటి రోజే. స్వామికి మాల తీశాక తోడు కావాలి, రోజేదారుకు ఇఫ్తార్‌కూ సెహ్రీకీ మధ్య తోడు కావాలి. ఇద్దరికీ ఒకే కరపత్రం ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం లేదు. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా ఉంది. 2024 ఫిబ్రవరిలో మన తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధించింది, అదే ఏడాది మే నెలలో గుట్కాపై నిషేధం ఉత్తర్వు వచ్చింది. బంద్ పెట్టడం వచ్చినంత బాగా మాన్పించడం మనకు రాలేదు. ఉన్న సాయాల్లో ఒకటి, మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం నడిపే 1800-11-2356 అనే ఉచిత ఫోన్ లైన్. 2018 నుంచి ఈ నంబరును సిగరెట్ పెట్టెల మీద అచ్చు వేస్తున్నారు. అయితే అడ్డా మీద కూలి కొనేది పెట్టె కాదు, ఒక్క సిగరెట్. దాని మీద నంబరు ఉండదు. పైగా ఆ లైన్ పనిచేసేది ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకానే, సోమవారం సెలవు. రాత్రి తరావీహ్ నమాజు ముగించుకుని రోజేదారు బయటికొచ్చేసరికి అది మూసేసి ఉంటుంది.

భాష సంగతి మరీ ముఖ్యం. నిజాం సైన్యంలోకి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఏసీ గార్డ్స్‌లో తరతరాలుగా ఉంటున్నారు. పాలమూరు తండాల నుంచి వచ్చిన లంబాడీలు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కూలీలు కట్టే భవనాల చుట్టూ బతుకుతున్నారు. వీళ్లందరికీ ఆసుపత్రి గోడ మీది ఒకే పోస్టర్ సరిపోతుందా? ఏదో ఒక వర్గం మీద పొగరాయుళ్లని ముద్ర వేయడం మా ఉద్దేశం కాదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ముసలమ్మలు మన శ్రీకాకుళం వైపే ఉన్నారు. ఊరి గుర్తయిన చార్మినార్ పేరు సిగరెట్‌కు పెట్టుకున్న నగరం మనది. వేలు చూపించే అర్హత ఎవరికీ లేదు.

ఏ వర్గంలో ఎంతమంది తాగుతారో బ్రిటన్‌లో లెక్కలు తీశారు. 2004 నాటి ఇంగ్లండ్ ఆరోగ్య సర్వేలో మొత్తం మగవాళ్లలో 24 శాతం పొగతాగేవాళ్లుంటే, బంగ్లాదేశీ మూలాలున్న మగవాళ్లలో 40 శాతం ఉన్నారు. తర్వాత బర్మింగ్‌హామ్‌లో పాకిస్తానీ, బంగ్లాదేశీ మగవాళ్ల దగ్గరికి శిక్షణ ఇచ్చిన కార్యకర్తలను పంపి చూస్తే, మాన్పించే కేంద్రాలకు వచ్చేవాళ్లు పెరిగారు. మనం చేయగలిగింది ఇంతకంటే కష్టమేమీ కాదు. బస్తీ దవాఖానాలు 2018 నుంచి మన గల్లీల్లోనే ఉన్నాయి. బీపీ చూసే నర్సు 'రోజుకు ఎన్ని తాగుతావు, మానాలని ఉందా' అని రెండు మాటలు అడగొచ్చు. నికోటిన్ గమ్ వంటి మందులను 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేర్చారు. వాటిని అక్కడే ఉచితంగా ఇవ్వాలి. మసీదులో ఇమామ్, పీఠం దగ్గర గురుస్వామి, అడ్డా మీద మేస్త్రీ చెబితే వినేవాళ్లు డాక్టరు మాట వినేవాళ్లకంటే ఎక్కువ. ఒకప్పుడు తాగి మానేసినవాళ్లయితే ఇంకా మంచిది.

ఇంకో చేత్తో జరుగుతున్నదీ చూడాలి. బీడీలపై జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మండలి నిర్ణయించింది. నిజామాబాద్, జగిత్యాల ఇళ్లల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల బతుకు గురించిన ఆందోళన నిజమైనదే. వాళ్లకు వేరే ఉపాధి చూపాలి గానీ, పేదవాడు పీల్చే పొగను చవక చేయడం ఏ లెక్కన సాయమవుతుంది?

ఇవన్నీ అయ్యేసరికి ఏళ్లు పడతాయి. ఈలోపు చేయగలిగేది ఒకటుంది. రంజాన్ నెలరోజులైనా ఆ ఫోన్ లైన్‌ను సెహ్రీ దాకా తెరిచి ఉంచమని, ఎత్తినవాళ్లు ఉర్దూలో మాట్లాడేలా చూడమని రాష్ట్రం కేంద్రానికి ఒక ఉత్తరం రాయొచ్చు. కార్తీకంలో మాలలు వేసుకునే నాటికి ఇంకో ఉత్తరం.