సెనేటర్ల ప్రసంగాలు సరే, కౌన్సిళ్ల ఖజానా సంగతేమిటి?

ఐర్లాండ్ ఎగువ సభ షానడ్‌లోని 60 మంది సభ్యుల్లో 43 మందిని నేరుగా ప్రజలు ఎన్నుకోరు. వారి ఓటర్లు పార్లమెంటు ఉభయ సభల సభ్యులు, 31 స్థానిక సంస్థల్లోని 949 మంది కౌన్సిలర్లు. సంఖ్యాబలం కౌన్సిలర్లదే. అందుకే ఎన్నికలొస్తే అభ్యర్థులు దేశమంతా తిరిగి ఒక్కొక్క కౌన్సిలర్‌ను కలిసి ఓటు అడుగుతారు. గెలిచాక సభలో గ్రామీణ రోడ్లు, మురుగునీటి శుద్ధి కేంద్రాలు, గృహనిర్మాణ నిధుల గురించి పదేపదే లేవనెత్తుతారు.

ఆ ప్రస్తావనలు ఎలా సాగుతాయో చూడండి. సెనేటర్ తమ జిల్లా పట్టణానికి రావలసిన నిధుల గురించి అడుగుతారు. చాలాసార్లు ఆ శాఖ మంత్రికి బదులు వేరే శాఖ సహాయ మంత్రి వచ్చి, అధికారులు రాసిచ్చిన జవాబు చదువుతారు. సెనేటర్ మరో ప్రశ్న వేస్తే, సంబంధిత మంత్రి దృష్టికి తీసుకెళ్తామంటారు. అంతటితో సరి. ఇలాంటి ప్రసంగాల లెక్క చూసి ఒక సెనేటర్‌ను మెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. ద్రవ్య బిల్లుల మీద షానడ్‌కున్నది 21 రోజుల గడువులో సిఫార్సులు చేసే అధికారం మాత్రమే. వాటిని దిగువ సభ తోసిపుచ్చవచ్చు.

అసలు జబ్బు పాతది. 1977 ఎన్నికల్లో ఇచ్చిన హామీ మేరకు ఆ మరుసటి ఏడాది ఇళ్లపై కౌన్సిళ్లు వసూలు చేసే ‘రేట్స్’ అనే పన్నును రద్దు చేశారు. ఓటర్లకు అది తీపి కబురే, కానీ కౌన్సిళ్లు తమ ఆదాయంలో ప్రధాన వనరును పోగొట్టుకుని ప్రభుత్వ గ్రాంట్ల వైపు చూడవలసి వచ్చింది. 2013లో స్థానిక ఆస్తి పన్ను వచ్చినా దాన్ని వసూలు చేసేది జాతీయ రెవెన్యూ సంస్థే. కౌన్సిలర్లకు మొదట్లో దక్కిన స్వేచ్ఛ మూల రేటును 15 శాతం వరకు పెంచడం లేదా తగ్గించడం. డబ్లిన్ నగర కౌన్సిల్ ఏళ్ల తరబడి తగ్గించే దారినే పట్టింది. ఆ తప్పు కౌన్సిలర్లదే, దాన్ని కేంద్రం మీదకు నెట్టడం కుదరదు. మరోవైపు 2014లో 80 పట్టణ కౌన్సిళ్లను రద్దు చేశారు. నీటి సరఫరా కూడా జాతీయ సంస్థ చేతికి వెళ్లింది. పోలీసు, వైద్యం కౌన్సిళ్ల చేతిలో లేనే లేవు.

ఇది మనకూ పట్టిన విషయమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసన మండళ్లలో సుమారు మూడో వంతు సభ్యులను స్థానిక సంస్థల ప్రతినిధులే ఎన్నుకుంటారు. వారిని పంచాయతీల, మునిసిపాలిటీల ఆదాయం గురించి మనం గట్టిగా నిలదీస్తున్నామా?

షానడ్‌ను రద్దు చేయాలన్న ప్రతిపాదనను 2013 రెఫరెండంలో 51.7 శాతం మంది తిరస్కరించారు. అలా నిలిచిన సభలో సెనేటర్ చేయవలసిన పని ఒకటుంది. ఒక రోడ్డుకు గ్రాంటు అడగడంతో ఆగకుండా, ఆ రోడ్డుకు కావలసిన డబ్బును కౌన్సిలే పన్ను ద్వారా సమకూర్చుకునే అధికారం కోసం సవరణలు ప్రతిపాదించాలి, తన పార్టీ ప్రభుత్వంలో ఉన్నా పట్టుబట్టాలి. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చిన సెనేటర్‌ను కౌన్సిలర్లు ముందుగా అడగవలసింది ఈ విషయమే.