2032 వరకు ఢోకా లేదు

కారు కొన్న రోజున మనం ఏమేం చేశామో ఒకసారి గుర్తు చేసుకోండి. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గుర్తు వేయించాం, కొబ్బరికాయ కొట్టాం, గుమ్మడికాయతో దిష్టి తీశాం, ముందు బంపర్‌కి నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ కట్టాం. పంతులుగారు తాళంచెవిని కూడా పళ్లెంలో పెట్టించి, దాని మీద ఇంత కుంకుమ వేసి, నాలుగు అక్షింతలు చల్లి మన చేతిలో పెట్టారు. ఇంజిన్‌కి, టైర్లకి, ఎదురింటివాళ్ల చూపుకి అన్నింటికీ విరుగుడు చెప్పిన మన సంప్రదాయం ఒకే ఒక్కదాన్ని వదిలేసింది, ఆ తాళంచెవి పొట్టలో ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీని. ఈ లోటు మీద ఇంతవరకు ఒక్క పీఠాధిపతి కూడా నోరు విప్పకపోవడం విచారకరం.

నాకీ జ్ఞానోదయం కొంపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో, రాత్రి పదకొండున్నరకి అయింది. చెప్పకుండా వచ్చిన కష్టమా అంటే అదీ కాదు. మూడు నెలలుగా కారు ఎక్కిన ప్రతిసారీ మీటర్ల మధ్యలో ఒక చిన్న తాళంచెవి బొమ్మ వెలిగి, బ్యాటరీ అయిపోవస్తోంది బాబూ అని మొత్తుకుంటూనే ఉంది. కానీ మనకి హెచ్చరికలతో ఉన్న బంధం వేరు. గ్యాస్ సిలిండర్ అయిపోయేలా ఉందంటే పక్కకి వంచి ఇంకో రెండు రోజులు లాగిస్తాం, పెట్రోల్ ముల్లు ఎర్ర గీతలోకి దిగితే 'ఇంకా రిజర్వ్ ఉంటుందిలే' అంటాం. ఆ బొమ్మ వెలిగినప్పుడల్లా నేను కూడా వినయంగా తల ఊపి సీటు బెల్టు పెట్టుకున్నాను.

ఆ రాత్రి నొక్కితే కారు పలకలేదు. మళ్లీ నొక్కాను. "ఏవండీ, నొక్కారా?" అంది మా ఆవిడ. పట్టుచీరలో, ఒక చేతిలో రిటర్న్ గిఫ్ట్ స్టీలు డబ్బా, ఇంకో చేతిలో తాంబూలం సంచి పెట్టుకుని నిలబడ్డ మనిషికి ఎదురు ప్రశ్న వేయకూడదని పెళ్లైన కొత్తల్లోనే నేర్చుకున్నాను కాబట్టి మళ్లీ నొక్కాను. ఆ తర్వాత మొదలైంది అసలు తంతు. మా తోడల్లుడు "ఇలా ఇవ్వండి" అని తీసుకుని నొక్కాడు. మా పెదమామయ్య కళ్లజోడు సర్దుకుని నొక్కాడు. ఎవరో పెళ్లికొడుకు తరఫువాళ్లట, దారిన పోతూ ఆగి వాళ్లూ నొక్కారు. ఒక్కొక్కరి బొటనవేలికి ఒక్కో మహిమ ఉంటుందనీ, మన చేతిలో పలకనిది ఎదుటివాడి చేతిలో పలుకుతుందనీ మన జాతికి ఉన్న నమ్మకం ఎంత గట్టిదో ఆ పార్కింగ్‌లో చూశాను. తలకి ఆనించి నొక్కితే సిగ్నల్ దూరం పోతుందని మా బావమరిది సలహా ఇచ్చాడు. అది నిజమే, బ్యాటరీలో కాస్తో కూస్తో ప్రాణం ఉన్నప్పుడు తలలోని నీరు సిగ్నల్‌కి కొంత సాయం చేస్తుంది. బ్యాటరీ పూర్తిగా పోయాక మాత్రం కణతకి తాళం ఆనించుకుని నిలబడితే సెక్యూరిటీ అతను తిరిగి సెల్యూట్ కొడతాడు, అంతే.

ఇక్కడ ఒక విషయం మనవి చేసుకోవాలి. చావుబతుకుల్లో ఉన్న బ్యాటరీల విషయంలో తెలుగువాడిని మించినవాడు లేడు. టీవీ రిమోట్ పని చేయకపోతే అరచేతిలో నాలుగు దెబ్బలు కొడతాం. వెనక మూత తీసి సెల్స్‌ని అక్కడే బొటనవేలితో గుండ్రంగా తిప్పుతాం. పైది కిందకి, కిందది పైకి మారుస్తాం. అప్పటికీ కాకపోతే గోడ గడియారం ఆపి దాని సెల్ పీకి పెడతాం, డాబా మీద ఎండలో ఆరబెడతాం, మూత పోతే రబ్బరు బ్యాండు వేస్తాం. ఇంతటి విద్వత్తు ఉన్న ఇళ్లలోనే కారు తాళం దగ్గరికి వచ్చేసరికి గోరు కూడా పెట్టకుండా "అమ్మో, అందులో చిప్ ఉంటుంది" అని ఆగిపోతున్నాం. నలభై ఏళ్ల కిందట టేప్‌రికార్డర్ విప్పి, క్యాసెట్‌లో పెన్సిల్ పెట్టి తిప్పి, మిగిలిన రెండు స్క్రూలు జేబులో వేసుకున్న తరం ఇది! ఆ రెండు స్క్రూల పాపమే ఇప్పుడు పట్టుకుందేమో అనిపిస్తుంది నాకు.

చివరికి మమ్మల్ని ఒడ్డున పడేసింది కార్లు పార్కింగ్ చేసే కుర్రాడు. పట్టుమని ఇరవై ఏళ్లుండవు. నా చేతిలోంచి తాళం తీసుకుని, పక్కనున్న చిన్న బొడిపె నొక్కి లాగితే లోపలి నుంచి సన్నటి ఇనుప తాళంచెవి బయటికి వచ్చింది. తాళంచెవికి ఒక తాళంచెవి ఉందని అయిదేళ్ల కాపురం తర్వాత తెలిసింది నాకు. సరే, పెట్టడానికి కన్నం ఏదీ? డ్రైవర్ వైపు హ్యాండిల్ చివర ఉన్న ప్లాస్టిక్ మూతని అతను కింది నుంచి తాళం మొనతో ఎత్తాడు. కన్నం ఉంది! చక్కగా, మడి కట్టుకుని, ఎవరి కంటా పడకుండా అయిదేళ్లుగా అక్కడే ఉంది. ఆ తాళంచెవినీ, ఆ కన్నాన్నీ దాచిన కంపెనీవాడు ఈ రహస్యాన్ని ఊరికే దాచలేదు, నాలుగైదు వందల పేజీల పుస్తకంలో అచ్చేసి మరీ ఇచ్చాడు. ఆ పుస్తకం పాలిథిన్ కవర్ కూడా చింపకుండా డ్యాష్‌బోర్డ్ అరలో ఉంది. అంటే కారు లోపల. తాళం వేసి ఉన్న కారు లోపల.

తలుపు తెరుచుకుంది, ఆ వెంటనే దొంగల అలారం కూడా మోగింది. రిమోట్ మాట వినకుండా ఇనుప తాళంతో ఎవరు తెరిచినా చాలా కార్లకి వాడు దొంగే, వాయిదాలు కట్టేవాడైనా సరే. హారన్ అదే పనిగా మోగుతుంటే గేటు దగ్గర బరాత్ బ్యాండువాళ్లు ఒక క్షణం ఆగి, తర్వాత దానికి తగ్గట్టే డప్పు అందుకున్నారు. కుర్రాడు మాత్రం కంగారు పడలేదు. "సార్, పరేషాన్ గాకుండ్రి. బ్రేక్ తొక్కి, ఆ తాళాన్నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కుండ్రి" అన్నాడు. చచ్చిపోయిన తాళాన్ని బటన్‌కి ఆనిస్తే ఏమవుతుందయ్యా అన్నాను. ఆనించాను. కారు స్టార్ట్ అయింది.

ఇది మహిమ కాదు, మెట్రో కార్డు లాంటి వ్యవహారమే. మెట్రో కార్డులో బ్యాటరీ ఉందా? లేదు. గేటు దగ్గర ఆనించగానే గేటే దానికి ఆ క్షణానికి కావలసిన కరెంటు గాలిలోంచి అందిస్తుంది, లోపలి చిప్ లేచి తన పేరు చెప్పి మళ్లీ పడుకుంటుంది. తాళంలోనూ అలాంటి చిప్ ఒకటి ఉంటుంది. మామూలు రోజుల్లో మనం హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా "ఎవరూ?" అంటుంది, జేబులో తాళం మన దేశంలో అయితే ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర "నేనే" అంటుంది, అదీ ప్రతిసారీ కొత్త మాటల్లో, లేకపోతే ఎవడో రికార్డు చేసి మర్నాడు వినిపించేస్తాడు. ఆ "నేనే" అనడానికే బ్యాటరీ కావాలి. బ్యాటరీ పోతే తాళం మూగదవుతుంది తప్ప, కారు మనల్ని పూర్తిగా మర్చిపోదు. అంటే ఆ రాత్రి బంధుమిత్ర సపరివారంగా బొటనవేళ్లు అరగదీసుకున్నది మూగవాడి చేత పాట పాడించడానికన్నమాట.

ఇంకో తాళం లేదా అని మీరడగొచ్చు. ఉంది. బీరువాలో, మా ఆవిడ పెళ్లిచీర మడతల్లో, గాజుల పెట్టె పక్కన భద్రంగా ఉంది. ఇంటికెళ్లి తీసి చూస్తే అదీ పలకలేదు. రెండూ ఒకే రోజు పుట్టినవి మరి. అయిదేళ్లుగా ఒక్కసారీ నొక్కకపోయినా, "ఎవరూ?" అనే పిలుపు కోసం చెవి ఒగ్గి ఉండటానికే దాని బ్యాటరీ కొద్దికొద్దిగా కరిగిపోతూ వచ్చింది. ఇక వాడకంలో ఉన్నదాని బ్యాటరీ కరిగిపోవడానికి ఇంకో కారణం కూడా అర్థమైంది. టీవీలు, ఫోన్ ఛార్జర్లు, ఇండక్షన్ స్టవ్‌ల దగ్గర ఈ తాళాలు పెట్టొద్దని కొన్ని కార్ల పుస్తకాల్లో రాసి ఉంటుంది, ఆ తరంగాల గోలకి తాళం ఊరికే మేలుకుని ఉంటుందని. మా తాళాల కొక్కెం టీవీ పక్కన, ఛార్జర్ల ప్లగ్గుకి జానెడు ఎత్తున ఉంది.

మర్నాడు పొద్దున సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. కారు తీసుకురమ్మన్నారు. తాళానికి జబ్బు చేస్తే కారు ఎందుకండీ అంటే, రీప్రోగ్రామింగ్ అవసరం పడొచ్చు సార్, ఎల్లుండి స్లాట్ ఉంది, 850 ప్లస్ జీఎస్టీ అన్నాడా అబ్బాయి, బైపాస్ ఆపరేషన్‌కి బంధువుల్ని సిద్ధం చేసే గొంతుతో. చాలా తాళాల్లో బ్యాటరీ తీసి పెట్టినంత మాత్రాన లోపలి కోడ్ ఎక్కడికీ పోదు, అది కరెంటుతో పని లేకుండా నిలిచే మెమరీలో ఉంటుంది. ఈ సంగతి తెలిశాక కూడా, నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఎల్లుండి స్లాట్ తీసేసుకుందామా అనిపించింది. డబ్బు కట్టేస్తే మనం విప్పక్కర్లేదు కదా.

కానీ ఇంట్లో బావమరిది ఉన్నాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. డైనింగ్ టేబుల్ మీద పేపర్ పరిచి, మొబైల్ టార్చ్ వేసి, స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి, ఇనుప తాళం తీసిన చోట ఉన్న సందులో పెట్టి మెల్లగా తిప్పాడు. టక్ మంది. గుండె ఆగింది నాకు. తాళం రెండు చెక్కలైంది, లోపలి నుంచి పేపర్ మీదకి ఏదో ఎర్రటి పొడి రాలింది. కాలిపోయిందేమో, తుప్పేమో అనుకున్నాం. మా ఆవిడ వేలితో అద్ది చూసి "కుంకుమ" అంది. అయిదేళ్ల కిందటి పంతులుగారి ఆశీర్వచనం, అన్‌లాక్ బటన్ రబ్బరు పక్క నుంచి దిగి, సర్క్యూట్ మీద అలాగే ఉంది. కాబట్టి మొదట్లో నేను చెప్పిన మాటని సవరించుకుంటున్నాను. సంప్రదాయం బ్యాటరీని వదల్లేదు, దగ్గరదాకా వెళ్లింది.

బావమరిది బ్యాటరీని వెలుతురులో పెట్టి చూసి తీర్పు చెప్పాడు. "బావా, బ్యాటరీ తప్పు కాదు. దీని మీద 2032 అని ఉంది. ఎక్స్‌పైరీకి ఇంకా చాలా టైముంది."

నేనూ కాసేపు నమ్మాను, అబద్ధమెందుకు. వీధి చివర వాచీలు బాగుచేసే పెద్దాయన నమ్మలేదు. కంటికి భూతద్దం బిగించుకునే ఉన్న మనిషి అలాగే నా వైపు తిరిగి, "అది సంవత్సరం కాదు సార్, కొలత. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల అడ్డం, 3.2 మిల్లీమీటర్ల మందం" అన్నాడు. 2025 కూడా 20 అడ్డమే, కానీ మందం రెండున్నరే, ఒకదాని బదులు ఇంకోటి పెడితే వదులై ఓసారి పలుకుతుంది ఓసారి పలకదు, మళ్లీ నా దగ్గరికే వస్తారు అన్నాడు. రెండిటికీ కలిపి 120 తీసుకున్నాడు. 850 ప్లస్ జీఎస్టీ గుర్తొచ్చి ఆయనకి దండం పెట్టాలనిపించింది.

ఇంటికొచ్చి బిగిస్తే మళ్లీ మూగ. ప్లస్ గుర్తు పైకి ఉందో కిందకి ఉందో తీసేటప్పుడు చూశారా అని మా ఆవిడ అడిగింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తను ఫోన్ తీసి, మూత ఊడిన క్షణంలోనే తీసి పెట్టుకున్న ఫొటో చూపించింది. కిందకి. తిప్పి పెట్టాక బాల్కనీలోంచి నొక్కితే కింద సెల్లార్‌లో కారు కుయ్యిమంది, రెండు ఇండికేటర్లు వెలిగాయి, బావమరిది చప్పట్లు కొట్టాడు.

పాత బ్యాటరీలని అలవాటు ప్రకారం 'ఎందుకైనా మంచిది' అని షోకేస్ సొరుగులో వేయబోయాను. ఇక్కడ మాత్రం వెటకారం లేదు. ఈ బిళ్ల పసిపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, మనం అయిపోయిందనుకున్న దానిలోనూ అంత పని చేసే శక్తి మిగిలి ఉంటుంది. రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకి అందకుండా తీసుకెళ్లి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చాను.

పది రోజుల తర్వాత రాత్రిపూట బావమరిది ఫోన్ చేశాడు. ఆఫీసు పార్కింగ్‌లో ఉన్నాడట, వాడి కారు పలకడం లేదట.

"బటన్‌కి ఆనించి నొక్కరా. ముందు బ్యాటరీ మీద ఏముందో చూడు."

"విప్పి చూశాను బావా. 2025 అని ఉంది. వీడి టైము నిజంగానే అయిపోయింది."